బోల్టు మీద పసుపు గీత

2024 జనవరి 14, ఆదివారం, టారెన్స్, కాలిఫోర్నియా

పొద్దున్నే ఫోన్లో వేలం ధరల గురించి మాటలు. నాలుగేళ్ల కిందట, 2020 జనవరిలో, ఇరవై రెండు వేల మైళ్లు కూడా తిరగని 1971 డాట్సన్ 240జెడ్ ఒకటి 3,10,000 డాలర్లకు పోయింది. ఆ సంగతి ఇప్పటికీ ఎవరో ఒకరు ఎత్తుతూనే ఉంటారు. 1970లో ఇక్కడ షోరూములో దాని ధర 3,526 డాలర్లు.

అరుదు అనే మాటను అందరూ ఒకే గాటన కట్టడం నాకు నచ్చదు. టొయోటా 2000జీటీ పుట్టుకతోనే అరుదు. యమహాతో కలిసి 1967 నుంచి 1970 వరకు కట్టినవి మొత్తం 351. మాజ్డా కాస్మో స్పోర్ట్ 1,176. కెన్‌మెరీ అని పిలుచుకునే 1973 స్కైలైన్ జీటీ-ఆర్ అయితే 197 దగ్గరే ఆగిపోయింది. అవి తయారైన రోజుల్లో కూడా రోడ్డు మీద కనబడితే జనం ఆగి చూసి ఉంటారు.

240జెడ్ అలాంటిది కాదు. నాలుగేళ్లలో లక్షన్నర దాకా అమ్ముడైంది. కొత్తగా ఉద్యోగంలో చేరిన కుర్రాళ్లు కొన్నారు, నర్సులు కొన్నారు, ఊళ్లు తిరిగే సేల్స్‌మెన్ కొన్నారు. ఆఫీసుకు తోలారు, మంచులో తోలారు, గుద్దారు, ఎండకూ వానకూ వదిలేశారు. జనం వాడి వాడి అరగదీస్తే అరుదైన కారు ఇది. నాకు ఈ రెండో రకం అరుదంటేనే ప్రాణం.

ఫిబ్రవరి 10

ఈ నెలకు కతాయామా యుతాకా పోయి తొమ్మిదేళ్లు. 2015 ఫిబ్రవరిలో, నూట అయిదేళ్ల వయసులో పోయాడు. జెడ్ కార్లవాళ్లందరికీ ఆయన 'మిస్టర్ కె'. 1960లో అమెరికా వచ్చి, డాట్సన్లు చేసే నిస్సాన్ కంపెనీకి ఇక్కడ మార్కెట్ కట్టిన మనిషి. అప్పటి వాళ్ల ఆఫీసు మా ఇంటికి ఎంతో దూరం లేదు, గార్డెనాలోనే. ఆ రోజుల్లో గార్డెనా నిండా జపాన్ నుంచి వచ్చి స్థిరపడ్డ కుటుంబాలే. వాళ్లలో తోటపని చేసుకునేవాళ్లు చాలామంది. చిన్న డాట్సన్ పికప్ వెనకాల గడ్డి కోసే మిషనూ పారలూ వేసుకుని ఇళ్లిళ్లూ తిరిగేవాళ్లట. మా వీధి చివర తొంభై ఏళ్ల పెద్దాయన నాకు చెప్పిన మాట ఇది. ఆయన దృష్టిలో డాట్సన్ అంటే స్పోర్ట్స్ కారు కాదు, అన్నం పెట్టిన బండి.

కతాయామాకు అమెరికా వాళ్ల కోరిక తెలుసు. జాగ్వార్ లాంటి పొడుగు ముక్కు, ఆరు సిలిండర్ల ఇంజను, పొద్దున తాళం తిప్పగానే స్టార్టయ్యే గుణం, మామూలు జీతగాడికి అందే ధర. నిస్సాన్ డిజైనర్ మత్సువో యోషిహికో బృందం గీసిన ఆకారానికి ఈ నాలుగూ కుదిరాయి. 2.4 లీటర్ల ఎల్24 ఇంజను, ఒకే క్యామ్‌షాఫ్ట్, రెండు కార్బొరేటర్లు, కాగితం మీద 151 హార్స్‌పవర్. జపాన్ నుంచి వచ్చిన తొలి కార్ల మీద ఫెయిర్‌లేడీ అనే పేరుంటే ఆయన ఆ బిళ్లలు పీకించి 240జెడ్ అని పెట్టించాడు. కంపెనీ అధ్యక్షుడు ముచ్చటపడి పెట్టుకున్న పేరది. సముద్రానికి ఇవతల కూర్చుని ఆ పని చేయించడానికి ఎంత గుండె ఉండాలి!

నేను కొన్నది 1972 మోడల్, నారింజ రంగు. 1998లో కొన్నాను. రిటైరైన ఒక టీచరమ్మ కొత్తలో కొని, పాతికేళ్లకు పైగా తానే నడిపిన కారు. నా నెల జీతం మీద కాస్త ఎక్కువైంది, అంతే. విచిత్రం ఏమిటంటే సరిగ్గా ఆ రోజుల్లోనే నిస్సాన్ కంపెనీ పాత 240జెడ్లను వెతికి కొని, నట్టూ బోల్టూ విప్పి మళ్లీ కొత్తగా కట్టి, డీలర్ల దగ్గర పాతికవేల డాలర్ల చొప్పున అమ్మకానికి పెట్టింది. అంత ధర ఎవడిస్తాడని అప్పట్లో నవ్వినవాళ్లు ఉన్నారు.

టీచరమ్మ తాళాలు ఇస్తూ, చలికాలంలో చోక్ ఎంత లాగాలో వేలు పెట్టి చూపించింది. సగం కంటే కొంచెం ఎక్కువ. గేరు రాడ్ పక్కనున్న ఆ చిన్న మీట దగ్గర ఆమె వేలి రాపిడికి రంగు పోయి లోహం బయటపడి ఉండేది. ఎనిమిదేళ్లు నేనూ అక్కడే వేలు పెట్టాను.

2006లో అమ్మేశాను. ఇంటికి కట్టాల్సిన డబ్బుకు అది అవసరమైంది. ఆ నిర్ణయం సరైనదే, దాని మీద నాకు వేరే ఆలోచన లేదు. కారు మీద బెంగ మాత్రం వేరు.

మార్చి 2, శనివారం

స్నేహితుడి 1971 జెడ్ మిస్సింగ్ కొడుతోందంటే వెళ్లాను. ప్లగ్గులు మార్చాడు, పాయింట్లు మార్చాడు, పోలేదు. చూడబోతే కార్బొరేటర్లు రెండూ రెండు దారులు పట్టాయి.

ఎస్‌యూ డిజైను మీద హిటాచీ వాళ్లు చేసినవి ఇవి. ఒక్కోటి మూడు సిలిండర్లకు గాలీ పెట్రోలూ పోస్తుంది. ఎయిర్ క్లీనర్ తీసి, మూరెడు రబ్బరు పైపు ఒక కొస చెవిలో, రెండో కొస ముందు కార్బొరేటర్ నోట్లో పెట్టాను. బుస్సుమని సన్నటి శబ్దం. అదే పైపు వెనకదాని నోట్లో పెడితే శబ్దం లావుగా, గరుకుగా ఉంది. అంటే వెనకది ఎక్కువ గాలి మింగుతోంది. స్క్రూ పావు చుట్టు కూడా కాదు, వెంట్రుకవాసి తిప్పి మళ్లీ విన్నాను. ముందుదీ వెనకదీ ఒకే బుస అయ్యేదాకా అదే పని.

తర్వాత మిక్స్చరు. పిస్టన్ను కింద ఉన్న పిన్నుతో కొద్దిగా లేపాలి. ఇంజను వేగం పెరిగి అలాగే నిలబడితే పెట్రోలు ఎక్కువైనట్టు. ఇంజను చచ్చిపోతే తక్కువైనట్టు. ఒక్క క్షణం పెరిగి తిరిగి సర్దుకుంటే సరిగ్గా ఉన్నట్టు. ఆ సర్దుకోవడం వినగలగడానికి నాకు చాలా కాలం పట్టింది. గేజీలు ఉన్నాయి, వాడతాను కూడా. కానీ ఆఖరి మాట చెవిదే.

1973 మోడల్‌కు పొగ నిబంధనల కోసం చదును తల కార్బొరేటర్లు పెట్టారు. వేడెక్కితే వాటితో పడిన అవస్థ వల్ల చాలామంది వాటిని పీకి, పాత గుండు తలవి తెచ్చి బిగించుకున్నారు. కాలిఫోర్నియాలో 1975, అంతకు ముందు మోడళ్లకు పొగ పరీక్ష లేదు కాబట్టి ఇక్కడ ఆ మార్పు చెల్లింది. నేను దాన్ని సమర్థిస్తాను. ఏడాదికి వెయ్యి మైళ్లు తిరిగే కారు అది.

స్నేహితుడు బండి ఒక చుట్టు తిప్పుకుని వచ్చి ఏమీ అనలేదు, ఇంకో చుట్టుకు పోయాడు.

ఏప్రిల్ 21

బేకర్స్‌ఫీల్డ్ అవతల ఒక బాదం తోట షెడ్డులో 1972 జెడ్ ఉందంటే చూసి వచ్చాను. ఫోటోల్లో ఎంతో బాగుంది. మిషిగన్ నుంచి వచ్చిన కారు అన్నప్పుడే అనుమానం. అక్కడ చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు.

గుడ్డలో చుట్టిన చిన్న అయస్కాంతం వెంట తీసుకెళ్లాను. తలుపు మీద అంటుకుంది. పైకప్పు మీద అంటుకుంది. తలుపు వెనక, వెనక చక్రానికి ముందుండే వంపు దగ్గర పెడితే జారి కింద పడింది. అంటే అక్కడ రేకు లేదు, రంగు కింద లప్పం. వేలి గోటితో కొడితే శబ్దమే వేరు. ఇంజను గదిలో కుడి పక్కన బ్యాటరీ కూర్చునే పళ్లెం చూశాను. ఏళ్ల తరబడి కారిన ఆసిడ్ ఆ పళ్లేన్ని తిని, దాని కింద చాసిస్ రెయిలును తిని, అక్కడి నుంచి కుడివైపు ఫ్లోరు దాకా దారి చేసుకుంది. తివాచీ ఎత్తితే తోట నేల కనిపించింది. అద్దం కింద జాలీలో ఆకులు చేరి కుళ్లి, నీళ్లు పోయే దారి మూసుకుపోయి అక్కడా తుప్పే.

ఆ కాలం జపాన్ కార్ల రేకు పల్చన. తుప్పు పట్టకుండా ఇప్పటిలా పూతలు లేవు. తేలిగ్గా ఉండటం వల్లనే అంత చురుగ్గా పరిగెత్తాయి, తేలిగ్గా ఉండటం వల్లనే అంత తొందరగా కరిగిపోయాయి. కారు బరువు వెయ్యి కిలోలకు కాస్త పైన.

కానీ ఇంజను అసలుదే. రేడియేటర్ మూత తీసి చూస్తే నీళ్లలో నూనె కలవలేదు. పుల్లీకి పానా వేసి చేత్తో తిప్పితే మెత్తగా తిరిగింది. కిందికి దూరి చూశాను. ముందు సస్పెన్షన్ దగ్గర, మట్టి తుడిస్తే, ఒక బోల్టు తల మీద పసుపు గీత. హిరత్సుకా ఫ్యాక్టరీలో ఎవరో బిగించి, సరిగ్గా బిగిసిందని గీసిన గీత. యాభై రెండేళ్లుగా దాన్ని ఎవరూ కదిలించలేదు.

షెడ్డు యజమానికి ఇంకా ఏమీ చెప్పలేదు. ఎవరూ కొనకపోతే తలుపులు, అద్దాలు, ఇంజను విడివిడిగా అమ్మేస్తానన్నాడు.

జూన్ 5, జామా, జపాన్

ఆఫీసు పని మీద యోకోహామా వచ్చాను. ఇవాళ ముందే అనుమతి తీసుకుని నిస్సాన్ హెరిటేజ్ కలెక్షన్ చూశాను. 1995 దాకా కార్లు కట్టిన ఫ్యాక్టరీ ఇది. ఇప్పుడు లోపల వరుసలు వరుసలుగా పాత బళ్లు, 1930ల డాట్సన్ల నుంచి రేసు కార్ల దాకా. కాళ్లు నొప్పి పుట్టేదాకా తిరిగాను.

1971 ఈస్ట్ ఆఫ్రికన్ సఫారీ ర్యాలీ గెలిచిన 240జెడ్ ముందు చాలాసేపు నిలబడిపోయాను. ఎరుపు ఒళ్లు, నల్లటి బానెట్. ర్యాలీలో తిన్న సొట్టలూ గీరుళ్లూ అలాగే ఉంచారు. కెన్యా, ఉగాండా, టాంజానియా మట్టి రోడ్ల మీద వేల కిలోమీటర్ల పరుగు అది. ఎడ్గార్ హెర్మన్ నడిపాడు. 1973లో మళ్లీ 240జెడే గెలిచింది. అప్పుడు నడిపింది ఉగాండాలో పుట్టిన మన భారత సంతతి మనిషి షేఖర్ మెహతా. రెండో డాట్సన్ నడిపిన హ్యారీ షెల్‌స్ట్రోమ్‌తో పెనాల్టీ పాయింట్లు సరిసమానంగా వచ్చాయి. పెనాల్టీ లేకుండా ఎవరు ఎక్కువ దూరం వచ్చారో చూసి మెహతాకు గెలుపిచ్చారు. ఆ తర్వాత 1979 నుంచి వరసగా నాలుగేళ్లు కూడా అతనే, అన్నీ డాట్సన్లలోనే. క్రికెట్ ఆటగాళ్ల పేర్లు నిద్రలో అడిగినా చెప్పే మనకు ఈ పేరు తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది.

ఆ సొట్టలకు లప్పం పెట్టి మెరిపించనందుకు వీళ్లకు దండం పెట్టాలనిపించింది.

జూన్ 8, హిరోషిమా

మాజ్డా మ్యూజియంలో కాస్మో స్పోర్ట్. ఫోటోల్లో పొడుగ్గా కనిపిస్తుంది, దగ్గరికి వెళ్తే నా ఛాతీ దాకా కూడా సరిగ్గా రాని చిన్న బండి. కానీ దీని అసలు కథ బానెట్ కింద. పిస్టన్లు లేని రోటరీ ఇంజను. మూడు మూలల రోటర్ గుండ్రంగా తిరుగుతుంటే దాని కొసలకున్న సీళ్లు గది గోడను గీరుతూ అలలు అలలుగా గాట్లు పెట్టేవి. వాటిని దయ్యం గోటి గాట్లు అన్నారు. యమమోతో కెనిచీ నాయకత్వంలో నలభై ఏడు మంది ఇంజనీర్లు ఏళ్ల తరబడి ఆ గాట్లతోనే కుస్తీ పట్టారు. చివరికి కార్బన్‌లో అల్యూమినియం కలిపిన సీళ్లు పనిచేశాయి. 1967లో కారు అమ్మకానికి వచ్చింది. మరుసటేడు జర్మనీలో నూర్‌బర్గ్‌రింగ్ మీద 84 గంటల పోటీకి రెండు కార్లు పంపితే ఒకటి నాలుగో స్థానంలో నిలిచింది.

అణుబాంబు పడిన ఊరు ఇది. పాతికేళ్లు తిరక్కుండా, పెద్ద పెద్ద కంపెనీలు తర్వాత చేతులెత్తేసిన ఇంజనును ఇక్కడివాళ్లు రోడ్డెక్కించారు. గాట్లు పడిన గోడ ముక్క చూస్తుంటే నాకు నోట మాట రాలేదు. కాస్మో నేను ఎన్నటికీ కొనలేను. కొనాలని కూడా లేదు. అది ఉన్న చోట ఉండి, వచ్చినవాళ్లకు కనబడటమే దాని పని.

ఆగస్టు 18, ఆదివారం

రాత్రి నాన్నతో ఫోన్. జామా ఫోటోలు పంపాను కదా, వాటి గురించే.

నాన్న 1980లలో జహీరాబాద్‌లో అల్విన్ నిస్సాన్‌లో పనిచేశాడు. ఫ్రిజ్‌లకూ గడియారాలకూ పేరున్న హైదరాబాద్ అల్విన్, నిస్సాన్‌తో ఒప్పందం చేసుకుని క్యాబ్‌స్టార్ అనే చిన్న లారీని అక్కడ కట్టింది. తర్వాత ఆ ఫ్యాక్టరీ మహీంద్రా చేతికి వెళ్లింది. చిన్నప్పుడు నాకు నిస్సాన్ అంటే ఆ తెల్ల లారీయే. స్పోర్ట్స్ కారు ఒకటుందని ఊహలో కూడా లేదు.

"నాన్నా, ఆ బోల్టు మీద గీతలు మీరూ గీసేవాళ్లా?" అని అడిగాను.

"గియ్యకుంటె ఎట్లరా? పానాతోని బిగించి, టక్కుమని సప్పుడు వచ్చినంక గీత గియ్యాలె. గీత లేకుంటె బండి ముంగటికి పోనియ్యకపోయేది జపాన్‌సారు. ఒక్క మాట తిట్టకపోయేది. గీత లేని బోల్టు కాడ ఊకె నిలబడుతుండె. మనకే సిగ్గయ్యేది."

తర్వాత చాలాసేపు అసెంబ్లీ లైను గురించే చెప్పాడు. ఏ పానా ఎక్కడ వేలాడేది, ఏ షిఫ్టులో ఎవరుండేవారు. ఎనభై మూడేళ్ల మనిషి. మోకాళ్ల నొప్పి గురించి ఒక్క మాట కూడా ఎత్తలేదు.

బేకర్స్‌ఫీల్డ్ బండి ఫోటోలు కూడా చూపించాను. తుప్పు ఫోటోలు చూసి, "రేకే కదా పోయింది. రేకు కోసి ఏస్తరు. పాణం మంచిగుందా?" అన్నాడు. ఇంజను తిరుగుతోందన్నాను.

అక్టోబరు 13

పొద్దున సముద్రం ఒడ్డున పార్కింగ్ స్థలంలో పాత జపాన్ కార్లవాళ్లం కలిశాం. పాతికేళ్లు దాటిన కార్లను విదేశాల నుంచి తెచ్చుకోవచ్చన్న నియమం వల్ల ఒకప్పుడు పుస్తకాల్లోనే చూసినవి ఇప్పుడు ఎదురుగా ఉంటున్నాయి. 'హకోసుకా' స్కైలైన్ ఒకటి వచ్చింది. కుడివైపు స్టీరింగు, అద్దాలు తలుపుల మీద కాకుండా ముందు ఫెండర్ల మీద. జపాన్‌లో 1983 దాకా అలాగే ఉండాల్సి వచ్చేది. ఇరవయ్యేళ్ల కుర్రాళ్లు దాని చుట్టూ మూగారు. వాళ్ల తాతల కాలం బండి మీద ఆ పిల్లలకున్న ప్రేమ చూస్తే నాకు కడుపు నిండింది.

తర్వాత ఒకాయనతో వాదన. ఆయన దగ్గర అద్భుతమైన జెడ్ ఉంది, ఏసీ గదిలో, టైర్లు నేలకు తగలకుండా. "నడిపితే విలువ పోతుంది" అంటాడు. ఆయన సొమ్ము, ఆయన ఇష్టం. కానీ నా మాట నేను చెప్పాను. ఈ ఇంజను నిలబెడితే చస్తుంది. సీళ్లు ఎండుతాయి, కార్బొరేటర్లో పెట్రోలు జిగురవుతుంది, బ్రేకు సిలిండర్లు పట్టేస్తాయి. తిరగడానికి కట్టిన వస్తువు అది. నాలుగైదు కార్లు ముట్టుకోకుండా ఉంచాలి, నిజమే, అసలు ఎలా ఉండేదో రేపటివాళ్లకు తెలియడానికి. మిగతావన్నీ రోడ్డు మీద ఉండాలి. పిల్లలు అడిగితే తలుపు తీసి కూర్చోబెట్టాలి. కూర్చోకుండా ప్రేమ ఎలా పుడుతుంది?

ఆయన ఒప్పుకోలేదు. కాఫీ మాత్రం ఆయనే తెప్పించాడు.

ఇంకో కబురు. 2006లో నేను అమ్మిన నారింజ కారు సంగతి ఒక విడిభాగాల వ్యాపారి దగ్గర తెలిసింది. చాసిస్ నంబరు నాకు నోటికొచ్చు, ఆయన పాత పుస్తకంలో అదే నంబరు. 2011లో వెనక నుంచి లారీ గుద్దితే బండి ఆయన దగ్గరికి చేరింది. బానెట్ అరిజోనాలో ఒకరికి, గేరుబాక్సు శాక్రమెంటోలో ఒకరికి, తలుపులు ఇంకెక్కడికో. ఇంజను మాత్రం శాన్ డియేగోలో ఒకాయన జెడ్‌లో ఇప్పటికీ తిరుగుతోందట. విని ఏడుపు రాలేదు. ఎల్24 ఫైరింగ్ ఆర్డర్ 1-5-3-6-2-4. ఆ వరస ఎక్కడో ఇంకా నడుస్తోంది.

నవంబరు 16, శనివారం

బేకర్స్‌ఫీల్డ్ ఆయనకు ఫోన్ చేశాను. ఇంకా విప్పలేదు. తలుపులకు మాత్రం ఎవరో బయానా ఇస్తామన్నారట, తీసుకోలేదు. ధర గురించి పెద్దగా బేరమాడలేదు. ముక్కలుగా అమ్మితే ఆయనకు వచ్చేదానికంటే కొంచెం ఎక్కువ చెప్పాను, ఒప్పుకున్నాడు.

ఇంట్లో చెప్పాను. మా ఆవిడ ఫోటోలు అన్నీ చూసి, "నేల లేదు కదండీ దీనికి" అంది. వేయిస్తానన్నాను. "సరే, గ్యారేజీలో నా కుట్టుమిషను జరపొద్దు" అంది. జరపను.

నా లెక్క ఇది. అమ్మకం విలువ కోసం అయితే ఈ కారు కొనడంలో అర్థం లేదు. వెల్డింగు, రేకు, రంగు కలిపితే బాగున్న జెడ్ ఇంకోటి వస్తుంది. కానీ బాగున్నదాన్ని కొనడానికి పదిమంది ఉంటారు. దీన్ని కొనడానికి నేను కాక ఇంకెవరూ లేరు. ఇలాంటివి ముక్కలైపోతూ పోతే బాగున్నవి మరింత అరుదవుతాయి, ఏసీ గదుల్లోకి పోతాయి, కుర్రాళ్లకు అందవు.

నవంబరు 30

బండి ఇంటికి చేరింది. లారీ నుంచి దింపేటప్పుడు వీధి చివరి పెద్దాయన చేతికర్రతో వచ్చి నిలబడి చూశాడు. ఎల్ ఇంజనా అని అడిగాడు. అవునన్నాను. తలుపుల మీద వెలిసిన రంగు చూసి, మొదట ఆకుపచ్చ వేసి ఉంటారన్నాడు. తలుపు సందులో గీకి చూస్తే ఆకుపచ్చే.

మధ్యాహ్నం బ్యాటరీ పళ్లెం కోసేశాను. అనుకున్నదానికంటే మేలు. రెయిలు పైభాగమే పోయింది, కింద గట్టిగా ఉంది. కుడివైపు ఫ్లోరుకూ రెయిలుకూ కొత్త రేకు ఆర్డరు పెట్టాను. రేకు వచ్చేలోపు ట్యాపెట్ల సందులు సరిచేయాలి. అమ్మాయి క్రిస్మస్ సెలవులకు వస్తోంది, ఫీలర్ గేజ్ పట్టడం తనకు నేర్పాలి. ఇన్‌టేక్ అంగుళంలో వెయ్యో వంతులు పది, ఎగ్జాస్ట్ పన్నెండు, ఇంజను వేడి మీద. వేడెక్కాలంటే ముందు స్టార్టవ్వాలి కాబట్టి, దానికంటే ముందు పెట్రోలు ట్యాంకు దింపి కడగాలి.

ముందు సస్పెన్షన్ జోలికి పోవడం లేదు. ఆ బోల్టు బిగువు పానా వేసి చూశాను, కదల్లేదు.